మాట అంటుకుంటుందని

"తుమ్హారా నామ్ క్యా హై, బేటా?" అని టీచరమ్మ అడిగింది.

మూడున్నరేళ్ల వినీల ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టి, "చాలా బాగా చెప్పావు!" అంది.

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో ఒక స్టేషనరీ షాపు మేడమీద ఉంది ఆ ప్లేస్కూలు. తల్లులు కూర్చోడానికి కూడా పిల్లల కుర్చీలే వేశారు. మౌనిక అందులో ఇరుక్కుని, మోకాళ్లు పైకి లేపుకుని, మెడలోని రైల్వే ఐడీ కార్డు తాడును వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది. రెండింటికి డ్యూటీ దిగి, ఇంటికి పరిగెత్తి, పిల్లని తయారుచేసి తీసుకొచ్చే హడావిడిలో ఆ కార్డు తీయడం మర్చిపోయింది.

టీచరమ్మ బెంగాలీ ఆవిడ. "క్యా బోలీ?" అంది మౌనిక వైపు తిరిగి.

"మీరు బాగా మాట్లాడారంటోంది," అని మౌనిక హిందీలో చెప్పి నవ్వబోయింది. ఆవిడ నవ్వలేదు.

"మీ భాషలో మీరే అడగండి."

"వినీలా, నీ పేరేమిటో మిస్‌కి చెప్పమ్మా."

"చాలా బాగా చెప్పావు! ఇప్పుడు మనం మరొక వస్తువును చూద్దామా?" అంది వినీల ముత్యాల్లాంటి తెలుగులో.

టీచరమ్మ ఎర్ర బంతి ఒకటి తీసి పిల్ల చేతికిచ్చింది. వినీల దాన్ని చూసి, తల ఎత్తి, ఎదురుగా ఉన్న ఖాళీ గోడతో, "ఇది బంతి. బంతి గుండ్రంగా ఉంటుంది. బంతి ఎరుపు రంగులో ఉంటుంది," అని చెప్పింది. టీచరమ్మ బంతి తీసుకుని చీర కొంగు కింద దాచేసి, ఏదీ, బంతి ఏదీ అన్నట్టు చేతులు తిప్పింది. ఇంకో పిల్లయితే కొంగు పట్టుకుని లాగేది. వినీల కాసేపు ఆ చేతుల్ని చూసి, తన చేతులూ అలాగే తిప్పి, ఊరుకుంది.

"బచ్చీ బోల్తీ హై," అంది టీచరమ్మ నెమ్మదిగా, "జవాబ్ నహీఁ దేతీ." పిల్ల మాట్లాడుతుంది గానీ, అడిగినదానికి జవాబివ్వదట. తర్వాత పెన్ను మూత తీసి, ఇంట్లో పిల్లతో ఎవరుంటారని అడిగింది. మా అమ్మ అంది మౌనిక. మొబైల్ ఎంతసేపు చూస్తుందని అడిగింది.

ఈ ప్రశ్న కోసం మౌనిక పరీక్షకు చదివినట్టు చదువుకుని వచ్చింది. "రోజుకి ఒక్క గంట మేడమ్. అది కూడా టాబ్‌లో. ఒకే ఒక్క యాప్. ప్రకటనలు ఉండవు, గంతులు ఉండవు. నేనే వెతికి పెట్టాను."

టీచరమ్మ తల ఊపింది గానీ పెన్ను ఆపలేదు. శనివారం పిల్లల డాక్టరు ఒకావిడ ఇక్కడికి వస్తారని, ఆవిడ చూసి చెప్పాక సీటు సంగతి చూద్దామని, కంగారు పడొద్దని చెప్పి ఒక చీటీ చేతిలో పెట్టింది. కంగారు పడొద్దన్నాక ఇక మౌనిక కాలు నిలవలేదు.

*

టోటో బ్యాటరీ రిక్షాలో తాముండే ట్రాఫిక్ కాలనీకి వచ్చేదాకా వినీల దారిలో కనపడ్డవన్నీ చెబుతూనే ఉంది. ఇది సైకిలు. ఇది ఆవు. ఆవు మనకు పాలు ఇస్తుంది. మౌనిక, "ఆవు ఎక్కడికెళ్తోందమ్మా?" అని అడిగి చూసింది. "చాలా బాగా చెప్పావు," అంది కూతురు రోడ్డు వంక చూస్తూ.

ఆ మాట ఎక్కడిదో మౌనికకు తెలుసు. యాప్‌లో పసుపు చీర కట్టుకున్న అక్క ఒకామె ఉంటుంది. బొమ్మ చూపించి, "ఇది ఏమిటి?" అని అడిగి, మూడు సెకన్లు ఆగి, "చాలా బాగా చెప్పావు!" అంటుంది. పిల్ల సరిగ్గా చెప్పినా, తప్పు చెప్పినా, ముక్కు గోక్కుంటూ కూర్చున్నా అదే మాట. ఆ మూడు సెకన్లు చూసే మౌనిక ఆ యాప్‌ని ఎంచుకుంది. పిల్ల చేత మాట్లాడిస్తోంది కదా అని మురిసిపోయింది. పెళ్లి సంబంధం కోసం కూడా తను అంత వెతకలేదు. పదకొండు యాప్‌లు దించి, చూసి, తీసేసి, తల్లుల గ్రూపుల్లో అభిప్రాయాలు చదివి చదివి ఇది పట్టింది. పిల్ల చూస్తున్నంతసేపూ పెద్దవాళ్లు పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలని కూడా ఎక్కడో చదివింది. పక్కన ఉండేది అమ్మ. అందుకని ఆ ఒక్క సలహా మాత్రం వదిలేసింది.

ఎందుకు వదిలేసిందో ఆమె ఫోన్లోనే ఉంది. తొమ్మిది నెలల కిందట ఏలూరులో ఆడపడుచు పెళ్లిలో తీసిన వీడియో. వినీల లడ్డూ కింద పడేసుకుని, ఎవరో అరిస్తే, అచ్చం అమ్మమ్మ యాసలో, "నానేటి సేసినాను?" అంది. అంతే, పెళ్లిపందిరంతా చుట్టూ చేరింది. మళ్లీ అనమ్మా, మళ్లీ అనమ్మా అని పదిసార్లు అనిపించుకుని, కడుపులు పట్టుకుని నవ్వి, కుటుంబం గ్రూపులో పెట్టారు. "ఖరగ్‌పూర్ తెలుగు కదా, రైలెక్కి వస్తూ దారిలో పాడైపోయుంటుంది," అన్నాడు ఎవరో పెద్దమనిషి. ఆ రోజు మౌనికకు నేల చీలితే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చేసరికి తల్లి అప్పలనర్సమ్మ వంటింటి గడపలో కూర్చుని ఎండు మెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది. కూతురి మొహం చూడగానే చేతిలోది చేటలో పడేసి లేచింది. ఏమీ అడగలేదు. వినీల వంక ఒకసారి చూసి, మౌనిక మోచెయ్యి పట్టుకుని పడకగదిలోకి లాక్కెళ్లి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడు అడిగింది.

"ఏటయినాదే? ఏటన్నారు?"

"డాక్టరుకి చూపించాలంట. నువ్వు దానికి టీవీ పెడుతున్నావా అమ్మా?"

"నేదే."

"సీరియళ్లు? ఎదురింటి దీదీ ఫోను?"

"పైడితల్లమ్మ మీదొట్టు. నువ్వు గీసిన గడియారం బొమ్మ పెకారమే ఇత్తన్నాను, పెకారమే తీత్తన్నాను."

ఫ్రిజ్ తలుపు మీద ఆ బొమ్మ ఉంది. అప్పలనర్సమ్మకు చదువు రాదు కనుక మౌనిక రెండు గడియారాలు గీసి అంటించింది. చిన్న ముల్లు పది మీద ఉంటే టాబ్ ఇవ్వాలి, పదకొండు మీద ఉంటే తీసెయ్యాలి.

"మరి దానికేటయినాదే!" అని మౌనిక గట్టిగా అరిచేసింది. అరిచాక తన నోట ఏ తెలుగు వచ్చిందో గమనించి నాలుక కరుచుకుంది. అప్పలనర్సమ్మ భయంభయంగా తలుపు వైపు చూసింది. ఆ చూపే మౌనికకు నచ్చలేదు. ఏమీ దాచనిది తలుపు వేసి మాట్లాడటం దేనికి అనుకుంది.

సాయంత్రం భర్త ఫణీంద్రకు ఫోన్ చేసింది. అతను గూడ్సు బళ్ల మీద అసిస్టెంట్ లోకోపైలట్. నాలుగు రోజులుగా ఇంటికి రాలేదు. బండి సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో పడుకుని, సగం నిద్రలో విని, "మీ అమ్మ ఏదో పెట్టే ఉంటుందిలే. ముసలాళ్లు చెప్తే వింటారా ఏంటి? నువ్వు ఊరికే నమ్మేస్తావు," అన్నాడు.

*

ఖరగ్‌పూర్ స్టేషన్లో విచారణ కౌంటరు దగ్గర కూర్చునేవాళ్లకు ఒక లక్షణం అబ్బుతుంది. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తారు. మౌనిక, బెంగాలీలో అడిగినవాళ్లకు బెంగాలీలో, హిందీలో అడిగితే హిందీలో, ఒడియాలో అడిగితే వచ్చిన మేరకు ఒడియాలో చెబుతూ, మంగళవారం పొద్దున మధ్యమధ్యలో ఒళ్లోని ఫోన్లో, ఇంట్లో టాబ్ ఎంతసేపు నడిచిందన్న లెక్క చూసింది. నిన్న యాభై ఎనిమిది నిమిషాలు. మొన్న యాభై తొమ్మిది. నెల వెనక్కి వెళ్లినా అంతే, ఆ ఒక్క యాప్ తప్ప ఇంకోటి తెరిచిన జాడ లేదు. తప్పు దొరకనందుకు సంతోషించాల్సింది. మౌనికకు ఇంకా చిరాకు పుట్టింది.

"అయితే టీవీయే," అంది పక్క కుర్చీలో ఉమాశంకర్‌తో.

ఉమాశంకర్ది కూడా ట్రాఫిక్ కాలనీయే. ముప్పై ఏళ్లుగా ఊరందరి సంసారాలకూ సలహాలిచ్చి ఏ ఒక్కటీ బాగుచెయ్యలేదు గానీ, సలహా మాత్రం ఎప్పుడూ తయారుగా ఉంచుకుంటాడు. "పాత ఫోను నేదేటమ్మా ఇంట్లో? రికాడింగు ఎట్టీసి, డబ్బాల ఎనకాల దాసీ. సీరియలు పాటొకటి ఇనబడితే సాలు, దొరికిపోతాది."

ఛీ, కన్నతల్లి మీదా, అంది మౌనిక. సాయంత్రానికి ఆ పాత ఫోను ఛార్జింగులో ఉంది.

బుధవారం పొద్దున్నే, అమ్మ దొడ్లో పళ్లు తోముకుంటుండగా, మౌనిక వంటింటి అలమరలో పప్పుల డబ్బాల వెనక ఫోను పెట్టి రికార్డింగు నొక్కింది. వంటింటికీ ముందు గదికీ మధ్య తలుపు కూడా లేదు, గడపే. ఆ రోజంతా కౌంటర్లో ఆమె ఒంట్లో ఆమె లేదు. మూడో నంబరు ప్లాట్‌ఫారం అనాల్సింది ఐదు అని చెప్పి, సంచులతో పరిగెత్తబోయిన కుటుంబాన్ని కేకేసి వెనక్కి పిలిచింది. ఇంటికొచ్చి, అమ్మ బట్టలు ఆరేస్తుండగా ఫోను తీసి బ్యాగులో వేసుకుంది. అప్పలనర్సమ్మ లోపలికొచ్చి, కూతురికి అన్నం వడ్డించి, మెత్తళ్ల పులుసులో ముక్కలు ఏరి ఏరి వేసింది. మౌనిక తలెత్తకుండా తింది.

*

గురువారం తొమ్మిదిన్నరకు టీ విరామం దొరికింది. విశ్రాంతి గదిలో బెంచీ మీద కూర్చుని, ఇయర్‌ఫోను ఒక చెవిలో పెట్టుకుని మొదలుపెట్టింది.

గిన్నెల చప్పుడు. కుళాయి. చెప్పులు. యార్డులో ఇంజను కూత. చీపురు. మళ్లీ కుళాయి. మౌనిక ముందుకు జరిపింది. కుక్కరు ఈల. వినీల గొంతు, "ఇది గరిటె." చప్పుడు లేదు. "గరిటెతో కూర కలుపుతారు." చప్పుడు లేదు. ఇంకా ముందుకు జరిపింది. పసుపు చీర అక్క వచ్చింది, గంట సేపు అడిగింది, మెచ్చుకుంది, పోయింది. టీవీ లేదు. సీరియలు పాట లేదు. ఎదురింటి దీదీ ఫోనూ లేదు.

అమ్మ గొంతు కూడా లేదు.

ఫోను పాడైందేమో అనుకుంది. కాదు, తాలింపు చిటపట కూడా వినబడుతోంది. వెనక్కి జరిపి, ఈసారి దాటేయకుండా విన్నది. ఒకచోట వినీల, "అమ్మమ్మా," అని పిలిచింది. కాసేపు ఏమీ లేదు. "అమ్మమ్మా!" మళ్లీ ఏమీ లేదు. గాజుల చప్పుడు మాత్రం వినబడింది, ఎవరో చెయ్యి ఊపినట్టు. ఆ తర్వాత పిల్ల మూడోసారి పిలవలేదు. ఇంకోచోట దబ్బున పడి ఏడ్చింది. "ఉష్, ఉష్, ఉష్," అన్న ఊపిరి వినబడింది, అంతే. ఏ తల్లయినా ఏ అమ్మమ్మయినా అనే ఒలమ్మో అన్న కేక కూడా లేదు.

టీ మీద మీగడ కట్టింది. విరామం అయిపోయి కౌంటర్లోకి వచ్చినా మౌనిక చెవిలోది తీయలేదు. అద్దం అవతల వరుస పెరిగింది. ఆమె ఒక చెవితో బళ్ల నంబర్లు వింటూ, రెండో చెవితో తన ఇంటిని వింటూ కూర్చుంది. రికార్డింగులో మధ్యాహ్నం పన్నెండున్నర దాటిన చోట ఫ్యాను చప్పుడు, పిల్లని జోకొడుతున్న చెయ్యి చప్పుడు. తర్వాత ఆ చెయ్యి ఆగింది. అప్పుడు, గుసగుసగా, అమ్మ గొంతు.

"నిద్దరోయినావా? ఒలే పాపా. ఒలే నా బంగారు గుంటా. నిద్దరోయింది. పొద్దున నువ్వు పిలిసినావు. ఇన్నానే. ఇనకేటి. పలికితే మీయమ్మకి కోపమొస్తాది. మన మాట మంచిది కాదంట. నీకంటుకుంటే ఆ ఏలూరోళ్లు మల్లీ నవ్వుతారంట. నిద్దట్లో అంటుకోదు గావాల. ఈయేల మెత్తళ్ల పులుసెట్టినాను. ఎదురింటి దీదీ పిల్లి ఈనినాది, మూడు పిల్లలు. నీకు సూపించాలని ఉన్నాది. సూపిస్తే, ఇదేటి, అదేటి అని నువ్వడుగుతావు. అప్పుడు నానేటి సెయ్యాల? నోరూరుకోదు గదా. అందుకని సూపించనేదు..."

"అమ్మా! ఇజీనారం బండి ఏ పలాట్‌ఫారమమ్మా?"

అద్దానికి ముక్కు ఆనించి ఒక ముసలాయన అడుగుతున్నాడు. మౌనిక ఆయన్ని చూసింది. నోరు తెరిచింది. ఆయన ఇంకోసారి అడిగాడు, ఇంకాస్త గట్టిగా, ఈమెకు చెముడేమో అన్న జాలితో. మూడోసారి ఆయన అడగబోతుంటే ఉమాశంకర్ వంగి విజయనగరం బండికి ప్లాట్‌ఫారం చెప్పి, "ఏటమ్మా, ఒంట్లో బాగోనేదా?" అన్నాడు.

"నేదు దాదా," అంది మౌనిక లేచి నిలబడుతూ. "కౌంటరు సూసుకో. నానింటికెల్లాల."

*

తలుపు తోసేసరికి వినీల నేల మీద సీసా మూతలు వరసగా పేర్చి, ఎదురుగా గోడకు రంగులు చెబుతోంది. రెండడుగుల దూరంలో అప్పలనర్సమ్మ కూర్చుని తోటకూర ఒలుస్తోంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఇద్దరూ వేరువేరు బళ్లలో ప్రయాణిస్తున్నట్టున్నారు.

కూతుర్ని చూసి అప్పలనర్సమ్మ కంగారుగా లేచింది. చెయ్యి తిప్పి, ఏమిటి ఇంత తొందరగా వచ్చావు అని సైగ చేసింది. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందా అని చూసింది. ఎప్పట్లాగే మోచెయ్యి పట్టుకుని పడకగదిలోకి లాగబోయింది. ఇన్ని నెలలుగా ఆ సైగలు ఎంత తేలిగ్గా, ఎంత అలవాటుగా సాగుతున్నాయో మౌనిక ఇప్పుడు చూసింది. కదలకుండా అక్కడే, గది మధ్యలో కూలబడింది.

"ఇక్కడే మాట్లాడమ్మా."

అప్పలనర్సమ్మ పిల్ల వైపు వేలు చూపించింది. కూతురి చెవి దగ్గరికి వంగి, "గుంట ఇంటాదే," అని గొణిగింది.

"విననీ."

తల్లి అనుమానంగా చూసింది. మౌనిక ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "నిన్న డబ్బాల వెనక ఫోను పెట్టాను. నువ్వు టీవీ పెడుతున్నావేమోనని. అంతా రికార్డయింది. అంతా విన్నాను అమ్మా."

అప్పలనర్సమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అలమర వైపు చూసింది, డబ్బాల వైపు చూసింది, కూతురి వైపు చూసింది. చేతిలోని తోటకూర కాడ కింద పడింది. ఆ తర్వాత వచ్చిన గొంతు మౌనిక చిన్నప్పుడు కాలనీ చివర దాకా వినబడే గొంతు.

"నాను దొంగనేటే? ఆఁ? నీ ఇంట్లో సొమ్మెత్తుకెల్తన్నానేటే, నా ఎనకాల మిషన్లెట్టడానికి? కన్నతల్లినే నాను! నీ పిల్లకి నా సేత్తో తిండెట్టి, నీల్లోసి, నోరు కుట్టీసుకుని కూకుంటే, ఇంకా నమ్మకం సాలనేదేటే నీకు?"

"నోరు కుట్టేసుకోమని ఎవరన్నారు?" మౌనిక కూడా ఏడుస్తూనే అరిచింది. "యాప్ నడిచే గంటసేపు నీ మాటలు కలపకన్నాను. ఆ గంటే కదా!"

"గంటని నువ్వన్నేదు." అప్పలనర్సమ్మ గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "పెల్లి నుంచి వచ్చిన రోజు, పెట్టి కింద ఎట్టకుండానే అన్నావు. అమ్మా, నీ నోటి మాట దాని సెవిలో పడనియ్యకు అన్నావు. సదువుకున్నదానివి, ఆలోసించే అని ఉంటావనుకున్నాను. మొదట్లో అది పిలిత్తే గుండె పీకీసేది. తరవాత అదే పిలవడం మానీసింది."

మౌనిక గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఆ రోజు తనెంత మండిపడుతూ ఉందో గుర్తుంది. గంట అన్న మాట తన నోటి నుంచి వచ్చినట్టు గుర్తు రాలేదు. వచ్చి ఉండదని కూడా ఆమెకు తెలిసిపోయింది. అమ్మ ఏ మాటా పొల్లు పోనివ్వదు. గడియారం బొమ్మ గీసిస్తే ముల్లు ముల్లుకీ సరిపెట్టిన మనిషి.

"తప్పయిపోనాదమ్మా," అంది. "నాదే తప్పు."

అప్పలనర్సమ్మ ఇంకేదో అనబోయి ఆగింది. ఆమె చీర కుచ్చిళ్లను ఎవరో పట్టుకున్నారు. సీసా మూతలన్నీ ఎక్కడివక్కడ వదిలేసి వినీల ఎప్పుడు వచ్చిందో వచ్చి నిలబడింది. గోడ వైపు చూడటం లేదు. తలంతా వెనక్కి వంచి అమ్మమ్మ నోటి వంకే చూస్తోంది. అప్పలనర్సమ్మ అలవాటుగా పెదాలు బిగించేసింది. పిల్ల కుచ్చిళ్లు ఇంకా కిందికి లాగింది, ఆవిడ వంగేదాకా లాగింది. వంగాక, చిన్న వేలు చాచి ఆ బిగించిన పెదాల మీద పెట్టింది.

"అమ్మమ్మా," అంది. "నీకు మాటలు వచ్చా?"

అడిగి, కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది. జవాబు వచ్చేదాకా కదిలేలా లేదు.

అప్పలనర్సమ్మ ముందు కూతురి వంక చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. ఆ చూపు చూశాక మౌనికకు తనమీద తనకే అసహ్యం వేసింది. తల ఊపడం కూడా ఆమె వల్ల కాలేదు. అప్పలనర్సమ్మ ఇక ఆమె కోసం ఆగలేదు. నేల మీద చతికిలబడి, పిల్లని రెండు మోకాళ్ల మధ్యకి లాక్కుంది.

"వచ్చునమ్మా," అంది. "శానా వచ్చు."